కోలారు బంగారము - లెక్కకెక్కని ధూళి

కర్ణాటక రాష్ట్రపు తూర్పు అంచున, చిత్తూరు సీమకును ఉత్తరార్కాటు సీమకును ఆనుకొని కోలారు జిల్లా కలదు. ఈ జిల్లాలోని ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల పల్లెలకు పోయినచో వీధిలో వినవచ్చు భాష పెక్కుచోట్ల తెలుగే. కచేరీలో కన్నడము, గనులలో అరవము, చేలలో తెలుగు అని స్థూలముగా చెప్పవచ్చును. పాలారు, దక్షిణ పినాకిని అను రెండు నదులు ఈ సీమగుండ పారవలసినవి; కాని ఏటిలో నీరు చూచిన దినములకంటె చూడని దినములే హెచ్చు. అందువలననే ఇచ్చటి పూర్వులు వాననీటిని చెరువులలో నిలిపి బ్రదికిరి. నేటి చిక్కబళ్ళాపురము జిల్లా వేరుపడుటకు (2007) పూర్వము అవిభక్త కోలారు జిల్లాలో చెరువుల సంఖ్య నాలుగువేలకు పైబడి యుండెను. కర్ణాటకమున ఇన్ని చెరువులు గల జిల్లా వేరొకటి లేదు.

అయినను లోకమునకు కోలారు తెలిసినది చెరువులవలన గాదు, బంగారమువలన. 1880 మొదలు 2001 వరకు ఈ గనులనుండి ఇంచుమించు 800 టన్నుల బంగారము వెలికివచ్చినది. ఈ బంగారమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. గనుల లోతు, యంత్రముల గొప్ప, తొరల క్లబ్బు, లండనులో పంచుకొన్న లాభములు, వీనినెల్ల వర్ణించిరి. కాని ఆ బంగారముతోపాటు భూమిలోనుండి పైకి వచ్చిన రాతిపొడిని గూర్చి గాని, దానికై వెచ్చింపబడిన కట్టెను, నీటిని గూర్చి గాని ఎవరును ఖాతా వ్రాయలేదు. ప్రపంచ చరిత్రలో పెద్ద సంఘటన జరిగినప్పుడెల్ల దాని అల వచ్చి కోలారును తాకినది; బంగారపు ఖాతా మారినది; ధూళి మాత్రము లెక్కకెక్కలేదు. తుదకు పర్యావరణోద్యమము అను నవీనభావము ఈ జిల్లాకు వచ్చినప్పుడు, అది గని ముఖద్వారమున గాక చేని గట్టుమీదుగ వచ్చినది. ఇట్లేల జరిగెనో విచారించుటయే ఈ వ్యాసమున ఉద్దిష్టము.

బంగారమునకై ఇచ్చట నేల త్రవ్వుట క్రొత్త సంగతి గాదు. పూర్వులు త్రవ్విన గుంతలు అనేకములు ఆంగ్లేయులు వచ్చునాటికే యుండెను. సింధునాగరకత నాటి నగలలోని బంగారమున వెండిపాలు అధికముగా నుండుటను బట్టి అది కోలారునుండి పోయినదే యని కొందరు పండితులు వాదించిరి. ఆ వాదము ఆకర్షకమే గాని నిర్ధారణమైనది గాదు. 1799లో శ్రీరంగపట్టణము పడినపిమ్మట మైసూరు రాజ్యపు తూర్పు ఎల్లలను కొలుచుటకు వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్, 1802లో ఇచ్చట బంగారము దొరకునను వదంతి విని, చూపినవారికి బహుమాన మిత్తునని చాటించెను. ఊరిగాం గ్రామస్థులు బండిలో మట్టి తెచ్చి, ఆయన యెదుటనే కడిగి బంగారపు రజను చూపిరి. ఈ గ్రామస్థుల పనితనము గమనింపదగినది. వారు మట్టిని కడిగిరి, రాతిని దంచిరి. వారికి కావలసినది చేతిబలము, కొద్దిపాటి నీరు మాత్రమే. మిగిలిన మట్టి అచ్చటనే పడి, రెండు వానలకు గడ్డి మొలచెడిది.

వారెన్ నివేదిక డెబ్బది యేండ్లు ఎవరికిని పట్టలేదు. 1871లో బెంగుళూరు దండులో విశ్రాంతిగా నున్న మైకేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ అను ఐరిషు సైనికుడు దానిని చదివి, తాను న్యూజీలాండులో చూచిన బంగారపు పనులను తలచుకొని, ఎడ్లబండిలో కోలారునకు ప్రయాణమై పోయెను. 1873లో అర్జీ పెట్టి, 1875లో గుత్త పొందెను. అప్పుడు మైసూరు రాజ్యము కమీషనరుల పాలనమున నుండెను. 1881లో గాని వడయార్లకు తిరిగి ముట్టలేదు. లవెల్ వద్ద ఉత్సాహమే గాని పెట్టుబడి లేదు. గుత్త చేతులు మారి, 1880లో లండనునందలి జాన్ టేలర్ అండ్ సన్స్ వారు రంగమునకు వచ్చిరి. కొన్నాళ్ళు వట్టిరాయి దొరకి వాటాదారులు అధైర్యపడిరి గాని, 1880 దశకపు నడుమ ఛాంపియన్ రీఫ్ అను గొప్ప బంగారపు పట్టీ దొరకుటతో కథ మారిపోయినది.

ఈ తేదీలు యాదృచ్ఛికములు గావు. 1871లో ఏకమైన జర్మనీ, ఫ్రాన్సునుండి రాబట్టిన యుద్ధపరిహారపు అండతో బంగారు నాణ్యపద్ధతి నవలంబించినది. బ్రిటను దానిని ముందే అవలంబించి యుండెను. అమెరికా 1879లో ఆ దారినే పట్టినది. ఇట్లు పెద్ద రాజ్యములన్నియు తమ ద్రవ్యమునకు బంగారమునే ఆధారము చేసికొనుటతో లోకమున ఎక్కడ పసిడిరేఖ కనబడినను అక్కడికి పెట్టుబడి పరుగెత్తినది. అదే కాలమున ఇంగ్లండులోని కారన్వాలు సీమలో రాగి, తగరపు గనులు మూతపడుచుండుటచే అనుభవము గల గనిపనివారు పని వెదకికొనుచు దేశాంతరము పోవుచుండిరి. వారిలో కొందరు కోలారునకు వచ్చి మేస్త్రీలును, కెప్టెనులును అయిరి. 1886లో దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారము బయల్పడినది. బెర్లినులోను, లండనులోను జరిగిన నిర్ణయములు ఊరిగాం పొలములో షాఫ్టులై దిగినవి.

ఆ దశకముననే అమెరికాలో ఒక తీర్పు వెలువడినది. కాలిఫోర్నియాలో బంగారపు కంపెనీలవారు నీటిధారలతో కొండలను కోసి, ఆ మట్టిని నదులలోనికి వదలుచుండిరి. యూబా నది గర్భము పూడి, దిగువనున్న రైతుల పొలములు బురదలో మునిగినవి. రైతులు వ్యాజ్యము వేసిరి. 1884 జనవరిలో జడ్జి లోరెంజో సాయర్, గనిమట్టిని నదులలో విడువరాదని శాశ్వతముగా నిషేధించెను. బంగారముకంటె దిగువ రైతు పొలము ముఖ్యమని ఒక న్యాయస్థానము చెప్పుట ఆధునిక కాలమున ఇంచుమించు ఇదే ప్రథమము. ఆ తీర్పుకును ఛాంపియన్ రీఫ్ బయల్పాటుకును నడుమ ఒకటి రెండేండ్లే అంతరము. కాని కోలారులో అట్టి వ్యాజ్యము వేయగలవా డెవడు? కాలిఫోర్నియా రైతు ఓటరు, భూస్వామి. కోలారు రైతుకు ఓటు లేదు, కోర్టు దూరము, ప్రభుత్వమే గనులపై నూటికి ఐదువంతుల రాయల్టీ పుచ్చుకొనుచుండెను. ఆ రాయల్టీ మైసూరు బొక్కసమునకు ఎంత మేలు చేసినదో విస్మరింపరాదు. అయినను ఫిర్యాదు వినవలసినవాడే లాభములో భాగస్తుడైనప్పుడు ఫిర్యాదు పుట్టదు.

ఇక ధూళి సంగతి. మొదటి దినములలో రాతిని ఇనుపరోకళ్ళతో దంచి, పాదరసము పూసిన రాగిరేకులపై పారించి బంగారమును పట్టెడివారు. దీనిలో సూక్ష్మమైన బంగారము కొంత జారిపోవుచుండెను. 1887లో గ్లాస్గోనగరమున మకార్థర్, ఫారెస్టు అనువారు సైనైడు పద్ధతిని కనిపెట్టిరి. మెత్తగా నూరిన రాతిపొడిని పలుచని సైనైడు నీటిలో నానబెట్టి గాలి తగులనిచ్చినచో బంగారము కరగి నీటిలోనికి వచ్చును. ఆ నీటిలో తుత్తునాగపు తునుకలు వేసినచో తిరిగి గట్టిపడి క్రిందికి దిగును. ఈ పద్ధతి వచ్చినపిమ్మట, పూర్వము పనికిరాదని పారవేసిన పొడియు పనికివచ్చినది. రాతిని ఇంకను మెత్తగా నూరుట లాభమైనది. ఎంత మెత్తగా నూరిన అంత బంగారము. ఎంత మెత్తనిదైన అంత గాలికెగురు పొడి.

ఆ పొడి కుప్పలుపడి కొండలైనది. కోలారు గనులచుట్టు నేటికిని 13 దిబ్బలు నిలిచియున్నవి. జనులు వానిని సైనైడు దిబ్బలందురు. వీని విస్తీర్ణము సుమారు వెయ్యి ఎకరములు. వీనిలోని పొడి సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. 800 టన్నుల బంగారమునకు ఇంత పొడి యన్నచో, గ్రాము ఒక్కంటికి నలువది కిలోలకు పైగా పడును. తెలుగింటి పెండ్లిలో కాసు అనునది 8 గ్రాములు. ఒక్క కాసు బంగారమునకు కోలారులో మిగిలిన పొడి మూడు క్వింటాళ్ళకు మించును. నూరు కాసుల పేరు మెడలో వేసికొన్న ఇల్లాలికి ముప్పదిమూడు టన్నుల పొడి ఎచ్చటనో కుప్పపడి యున్నదని ఎవరు చెప్పుదురు?

ఈ దిబ్బలపేరు వినగానే విషమని భయపడువారు కలరు. సైనైడు ఎండకు గాలికి కాలక్రమమున విరిగిపోవు పదార్థము. పాతదిబ్బలలో దానికంటె చింతింపదగినది ఆ పొడియే. అది స్ఫటికశిల నూరిన మెత్తని పిండి. ఆషాఢమాసపు పడమటి గాలి లేచినప్పుడు అది మేఘమువలె పైకెగసి ఇండ్లలోను, నీటికుండలలోను, ఊపిరిలోను చేరును. కొన్ని శిలలయందు గంధకపు సమ్మేళనములు, పాషాణపు సమ్మేళనములు కలవు. వానకు అవి కరగి క్రిందికి పారి నేలను చవుడు చేయును. తెల్లదొరల బంగళాలు, గోల్ఫు మైదానము గల దిక్కును 'చిన్న ఇంగ్లండు' అని పిలిచెడివారు. తట్టి గోడలతో, ఒకే గదితో కట్టిన కూలీ లైన్లకు దిబ్బల పొరుగు తప్పలేదు.

గనులకు ఆకలి ఒక్క రాతిపైననే గాదు. తొలిదినములలో ఆవిరియంత్రములన్నియు కట్టెతోను బొగ్గుతోను నడచినవి. భూగర్భమున కప్పు కూలకుండ నిలుపుటకు దుంగలు కావలెను. 1894లో బౌరింగ్‌పేటనుండి, అనగా నేటి బంగారుపేటనుండి, మారికుప్పమునకు రైలుదారి పడిన తరువాత కట్టె మరింత దూరమునుండి రాసాగినది. అసలే చిట్టడవులు గల ఈ మెట్టసీమలో దీని ఫలము ఊహింపదగినదే. కట్టెధర, బొగ్గుధర కంపెనీలకు భారమగుటయు శివసముద్రపు విద్యుత్తునకు ఒక కారణము. దివాను శేషాద్రి అయ్యరు కాలమున తలపెట్టి, జోలీ ద లాట్బినియర్ అను ఇంజనీరు ఆధ్వర్యవమున సాగిన ఈ పనివలన 1902 జూన్ 30న కావేరి జలపాతపు విద్యుత్తు 92 మైళ్ళ తీగమీద కోలారు గనులకు చేరినది. అంత పొడవైన తీగ ఆనాడు ప్రపంచముననే అరుదు. బెంగుళూరు నగరమున వీధిదీపములు వెలిగినది 1905లో. గనులకే ముందు వెలుగు వచ్చినది. ఈ విద్యుత్తువలన కట్టెవాడకము తగ్గినదనుట న్యాయము. ఆ మేలు ఎవరును అడవిని తలచి చేసినది గాదు, ఖర్చు తలచి చేసినది.

నీటి సంగతి వేరు. గనులచుట్టు పెరిగిన పట్టణమునకు పాలారుపైనున్న బేతమంగళము చెరువునుండి నీటిని తోడి, గొట్టములద్వారా ఎక్కించిరి. ప్లేగు ప్రబలినపిమ్మట ఇరుకు లైన్లకు మారుగా రాబర్ట్‌సన్‌పేట వంటి క్రొత్తపేట వెలసెను. వానికిని నీరు ఇదే. మరొకవంక 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వముల మధ్య ఒక ఒడంబడిక జరిగియుండెను. దాని ప్రకారము పాలారు, పినాకిని మున్నగు నదులపై మద్రాసు సమ్మతి లేక మైసూరువారు క్రొత్త జలాశయములు కట్టరాదు. దిగువ రైతుల హక్కు కాపాడుటకై చేసిన కట్టడియే యిది. తప్పు పట్టనవసరము లేదు. ఫలితము మాత్రము విచిత్రము. కోలారు రైతు క్రొత్తచెరువు కట్టుకొనవలెనన్న పొరుగు రాజధాని అనుమతి కావలెను. ఉన్న చెరువునుండి గనికి నీరెక్కించుటకు మాత్రము ఆటంకము లేకపోయెను.

1905 ప్రాంతమున కోలారు ఉత్పత్తి శిఖరమున నుండెను. మొదటి ప్రపంచయుద్ధము తరువాత గనులు లోతెక్కి, ఖర్చులు పెరిగి, కంపెనీలు కలతచెందినవి. 1930లో కార్మికుల వ్రేలిముద్రలు తీసి నమోదు చేయవలెనను నిబంధన తెచ్చిరి. నేరస్థులకువలె తమకు ముద్రలు వేయించుట అవమానమని ఆ యేప్రిలులో వేలకొలది కార్మికులు పని మానిరి. దాదాపు మూడువారములు గనులు నిలిచిపోయినవి. ఆ మరుసటియేడు, 1931 సెప్టెంబరు 21న, ప్రపంచ ఆర్థికమాంద్యపు తాకిడికి ఆగలేక బ్రిటను బంగారునాణ్యమును విడిచిపెట్టినది. పౌనుతో కట్టివేయబడిన రూపాయియు దానితోనే దిగజారినది. బంగారపు వెల ఎగిసినది. 1934లో అమెరికా ఔన్సు వెలను 20 డాలర్ల 67 సెంట్లనుండి 35 డాలర్లకు పెంచినది.

ఈ ఘట్టము తెలుగువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ధాన్యపు ధరలు కూలి, శిస్తుకు, వడ్డీకి సొమ్ములేక, మద్రాసు రాజధానిలోను మైసూరులోను రైతులు ఇంటనున్న నగలను తెగనమ్మిరి. ఆ బంగారము ఓడలకెక్కి లండనునకు పోయినది. అదే సమయమున, అదే కారణమున, కోలారు కంపెనీలకు ప్రాణము లేచివచ్చినది. వెల పెరిగినచో అంతకుముందు గిట్టుబాటుగాని నాసిరాయి గిట్టుబాటగును. నాసిరాయి యనగా గ్రాము బంగారమునకు ఎక్కువ రాయి నూరుట. కనుక కోలారు దిబ్బల ఎత్తును నిర్ణయించినవారిలో లండను, వాషింగ్టను ఖజానా మంత్రులును కలరని చెప్పినచో అతిశయోక్తి గాదు.

దిబ్బమీది పొడికంటె గనిలోపలి పొడి మరింత క్రూరము. రాతిని తొలుచునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి గడ్డకట్టుటను వైద్యులు సిలికోసిస్ అందురు. భారతదేశమున ఈ వ్యాధి మొదట వెల్లడియైనది కోలారు గనులలోనే. 1940-46 నడుమ ఏడువేల అయిదువందలమందికి పైగా కార్మికులను పరీక్షింపగా నూటికి నలువదిమందికి పైగా దీని చిహ్నములు కనబడినవి. ఈ అంకె 1947లో లోకమునకు తెలిసెను. నష్టపరిహారము, తడిపి తొలుచుట, గాలి ఏర్పాట్లు వీనికై సంఘములు పోరాడినవి, కొంత సాధించినవి. కాని అదే ధూళి గనిబయట దిబ్బయై నిలిచి భార్యాబిడ్డల ముక్కులోనికి పోవుచున్నదను మాట కోరికల జాబితాలో ముందువరుసకు ఎన్నడును రాలేదు. ఇందుకు కార్మికులను నిందింపరాదు. ఉత్తరార్కాటునుండి వచ్చిన వారిలో పెక్కురు ఊరిలో భూమిలేనివారు, అంటరానివారని త్రోసివేయబడినవారు. గని వారికి కూలితోపాటు కొంత గౌరవమును ఇచ్చినది. దిబ్బకు ఎదురాడుట యనగా గనికి ఎదురాడుట. గనికి ఎదురాడుట యనగా తమ కడుపునకు ఎదురాడుట. దిబ్బ పెరిగినన్నాళ్ళు పని యున్నదని అర్థము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, గనుల చేరువనున్న క్యాసంబళ్ళిలో పుట్టిన కె. చెంగలరాయరెడ్డిగారు మైసూరునకు మొదటి ముఖ్యమంత్రి యైరి (1947-1952). 1956లో మైసూరు ప్రభుత్వము గనులను కంపెనీలనుండి తీసికొనెను. 1962లో కేంద్రము తన వశము చేసికొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. అప్పటికి గనులు మూడు కిలోమీటర్లకు మించి లోతెక్కినవి. రాళ్ళు ఒత్తిడికి పగిలి ప్రేలుట, వేడి, ఖర్చు అన్నియు మిక్కుటమైనవి. ఆ లోతువలన కలిగిన మేలు ఒకటి చెప్పదగియున్నది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా పరిశోధన సంస్థవారు, జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి, వాతావరణమున పుట్టు న్యూట్రినోలను గుర్తించిరి.

1962, 1972 ఈ రెండు సంవత్సరములును మరియొక చరిత్రలోను మైలురాళ్ళు. 1962లో రేచెల్ కార్సన్ అను అమెరికను రచయిత్రి పురుగుమందుల విషమును గూర్చి వ్రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' వెలువడినది. 1972 జూన్ 5న స్టాక్‌హోములో ఐక్యరాజ్యసమితి మానవపర్యావరణ సభ ఆరంభమైనది; ఇందిరాగాంధి అందు ప్రసంగించిరి. 1973లో హిమాలయమున చిప్కో, 1974లో మన పార్లమెంటున జలకాలుష్య నివారణ చట్టము, 1984లో భోపాలు ఘోరము, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వరుసగా వచ్చినవి. 1971 ఆగస్టు 15న అమెరికా డాలరును బంగారమునుండి విడదీయగా బంగారపు వెల పగ్గము తెంచుకొన్నది. ఇన్ని జరిగినను కోలారు దిబ్బలు కదలలేదు. యజమాని ఇప్పుడు ప్రభుత్వమే. చట్టము చేసినవారును వారే.

పర్యావరణోద్యమము కోలారులో అడుగుపెట్టిన దారి వేరు. నందికొండపై నీలగిరి చెట్టును 1790 ప్రాంతమున టిప్పుసుల్తాను నాటించెనని ప్రసిద్ధి. కోస్తా తెలుగువారు జామాయిలు అనునది ఈ చెట్టునే. 1970 దశకమునుండి సామాజిక అడవుల పేరుతో దీనిని రైతుల పొలములలో నాటించిరి. వానలు నమ్మరానివి, కూలీలు దొరకరు, నీలగిరికి కాపలా అక్కరలేదు, రేయాను గుజ్జు మిల్లులు కొనును. ఇన్ని సౌకర్యములు చూచి, ముఖ్యముగా భూమి ఎక్కువగా గలవారు, రాగిచేలను నీలగిరి తోపులుగా మార్చిరి. 1981లో బెంగుళూరు మేనేజిమెంటు సంస్థనుండి బందోపాధ్యాయ, వందనా శివ, శరత్‌చంద్ర అనువారు కోలారు జిల్లాను పరిశీలించి, రాగి సాగు తగ్గుచున్నదనియు, కూలిపని సన్నగిల్లుచున్నదనియు చూపిరి. ప్రపంచబ్యాంకు సాయముతో 1983లో పథకము విస్తరింపగా, ఆ యేడే పొరుగున తుమకూరు జిల్లాలో రైతుసంఘమువారు నర్సరీలోని నీలగిరి మొక్కలను పెరికి చింతమొక్కలు నాటిరి. దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి. చెట్టు నీరు త్రాగునా లేదా యని పండితులు పోట్లాడుకొనిరి. కోలారునకు సమీపముననే యున్న హొసకోట వద్ద జరిగిన పరిశీలనలో, లోతైన నేలలో నీలగిరి కురిసిన వానకంటె ఎక్కువ నీరు వాడుకొన్నట్లు 1990 దశకమున తేలినది. 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించినది.

రైతులు మొక్క పెరికిరి. గనికార్మికులు దిబ్బ పెరుకలేదు. భేదము స్వభావమున లేదు, స్థితిలో ఉన్నది. నీలగిరి తోపు పొరుగువాని రాగిచేనిని, కూలివాని పనిని ఎదుటనే హరించెను. అదిపోయిన నష్టపడునది మిల్లు. దిబ్బ అట్లుగాదు.

పాలారు మరికొంత దూరము పారి, కుప్పము సీమను దాటి, తమిళనాట వాణియంబాడి, ఆంబూరు, వేలూరు ప్రాంతములకు చేరును. అచ్చటి తోళ్ళ కార్ఖానాలు నదిని విషపూరితము చేయగా పౌరసంఘమొకటి సుప్రీంకోర్టునకు పోయెను. 1996 ఆగస్టు 28న వెలువడిన తీర్పులో, కాలుష్యము చేసినవాడే దాని ఖర్చు భరింపవలెనను సూత్రము మనదేశపు న్యాయములో భాగమని స్థిరపరచిరి. భారతీయ పర్యావరణ న్యాయమునకు మూలస్తంభమైన ఈ తీర్పు పాలారు ఒడ్డున పుట్టినది. అదే నది ఎగువభాగమున, గనిదిబ్బల విషయమై ఆ సూత్రము వర్తింపజేయవలెనన్న చిక్కు వచ్చును: చేసినవాడెవడు? లండను కంపెనీలు నలువది యేండ్లక్రిందటనే వెడలిపోయినవి. మిగిలినది నష్టములలో మునిగిన సర్కారు సంస్థ.

2000 జనవరి 30న రుమేనియాలోని బాయామారె వద్ద బంగారపు పొడినీటి కట్ట తెగి, సైనైడు టిస్సా నదిలోనికి, ఆపై డాన్యూబులోనికి ప్రవహించి చేపలు లెక్కకు మిక్కిలిగ చచ్చినవి. యూరోపు మేల్కొన్నది. మరుసటియేడు 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడినవి. చిత్తూరు జిల్లాలో బిసానత్తము, అనంతపురము జిల్లాలో రామగిరి, అదే సంస్థకు చెందిన తెలుగునాటి గనులును ఆ కాలముననే నిలిచిపోయినవి. మూడువేలమందికి పైగా కార్మికులు వీధిపాలైరి. పంపులు ఆపివేయగా షాఫ్టులలో నీరు నిండినది. నాటినుండి వేకువనే మారికుప్పము రైలెక్కి బెంగుళూరు పోయి, కూలినాలి చేసికొని, చీకటిపడి తిరిగివచ్చుట గనివారి బిడ్డల జీవితమైనది. దిబ్బలపై సినిమావారు వచ్చి పాటలు, పోరాటములు తీసికొని పోవుచుండిరి.

పల్లెలలోనో, చెరువులు పూడి, నీరుగంటి వృత్తి మాసి, బోరుబావులు వెయ్యి అడుగులు దాటినవి. అడుగునుండి వచ్చు నీటిలో ఫ్లోరైడు హెచ్చినది. 2018 జూన్‌లో బెంగుళూరు కోరమంగల-చల్లఘట్ట లోయలోని మురుగునీటిని రెండుదశల శుద్ధిచేసి కోలారు చెరువులకు ఎక్కించు పథకము నడచినది. దినమునకు 44 కోట్ల లీటర్లు, నూరుకు పైగా చెరువులు దీని లక్ష్యము. మొదటి చెరువులలో నొకటైన లక్ష్మీసాగరమున నెలతిరుగకముందే నురుగు పొంగగా వ్యాజ్యము హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు ఎక్కినది. 2019లో పథకము సాగుటకు అనుమతి లభించినది. బావులలో నీటిమట్టము పెరిగినమాట నిజము. మూడవదశ శుద్ధి లేనిదే ఈ నీరు వలదని రైతుసంఘములు పట్టుపట్టుటయు నిజము. నూరేండ్లక్రిందట శివసముద్రపు విద్యుత్తు కోలారును దాటి బెంగుళూరునకు తరువాత పోయినది. నేడు బెంగుళూరు వాడి విడిచిన నీరు కోలారునకు వచ్చుచున్నది.

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము, 13 దిబ్బలలోని 1,003.4 ఎకరముల పొడినుండి మిగిలిన బంగారమును తీయవలెనను కేంద్రపు ప్రతిపాదనకు సమ్మతించినది. వెల పెరిగినచో నాసిరాయి గిట్టుబాటగునను పాతసూత్రమే యిది. ఇప్పుడు త్రవ్వవలసినది మూడు కిలోమీటర్ల లోతుననున్న శిలను గాదు, ఆషాఢమున ఎగురు ఆ పిండినే. దానిని కదలించి, మరల నూరి, మరల నానబెట్టి, రేణువులుగానున్న బంగారమును తీసినపిమ్మట మూడుకోట్ల టన్నులును మూడుకోట్ల టన్నులుగానే మిగులును. వానిని మరల నిలుపవలసిన చోటును, తడుపుటకు కావలసిన నీరును ఈ జిల్లాలోనే చూడవలసి యున్నది.